మనోవ్యాధికి మందున్నదా?

సోదరీమణులారా! మనలో రెండు సామెతలు గలవు. ఒకటి "పెరటిచెట్టు మందుకు రాదు" అనునది. రెండవది "మనోవ్యాధికి మందు లేదు" అనునది. పెద్దలు ఏ సందర్భమున పలికిరో గాని, ఈ రెంటిని అక్షరాల నమ్మి మన స్త్రీలు పెక్కుబాధలు పడుచున్నారు. మొదటిదానిని నమ్మినవారు ఇంటిముందరి తులసిని, చేనిగట్టుననుండు సరస్వతి ఆకును చులకనచేసి, ఎక్కడినుండియో డబ్బాలలో వచ్చు చూర్ణములకు రూకలు పోయుచుందురు. రెండవదానిని నమ్మినవారు గుండెదడను, నిద్రలేమిని, కారణము తోచని భయమును ఎవరితోను చెప్పుకొనక ఏండ్లతరబడి లోలోన క్రుంగుచుందురు.

మనోవ్యాధికి మందున్నది. ఆ మందులలో కొన్ని మన పెరటిలోనే యున్నవి. కాని పెరటిలో దొరకినంతమాత్రమున మందు ఆకుకూర యగునా? దానికిని మోతాదున్నది, పథ్యమున్నది, హద్దున్నది. ఈ మాటలను బందరు, గుడివాడ, దివిసీమల సోదరీమణుల సంసారముల నుండియే ఉదాహరణములు గైకొని విన్నవింపవలెనని మా యుద్దేశము.

ఈ సీమవారి భయములు

కృష్ణవేణి సముద్రములో గలియు ఈ సీమలో భయమునకు పేరు, తేదీ గూడ గలవు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనకు బందరు ప్రాంతమున దాదాపు 30,000 మంది మరణించిరని చరిత్ర చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెనలో 10,000 మందికి పైగా అసువులు బాసిరి. సొర్లగొంది, హంసలదీవి మొదలైన సముద్రతీర గ్రామములలో ఆ దినమును ఎరిగిన వృద్ధులు నేటికిని గలరు. ఆ నాటి పసిబిడ్డలు నేడు నాయనమ్మలు, అమ్మమ్మలు అయినారు. కార్తికమాసమున ఆకాశము మబ్బుపట్టి తూర్పుగాలి ఊళపెట్టినచో వారిలో కొందరికి నిద్రపట్టదు, అన్నము సహింపదు, తలుపు చప్పుడైనను ఉలికిపడుదురు. చుట్టుపట్లవారు దానిని "చాదస్తము" అందురు. అది చాదస్తము కాదు. ఒకనాడు నిజముగా జరిగినదానిని శరీరము మరువలేకుండుట.

గుడివాడ చుట్టుపట్ల పల్లెలలో భయము వేఱురూపమున నున్నది. బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు అమెరికా మొదలైన దేశములకు పోయినారు. పెద్దయింటిలో తల్లి యొక్కతె. మాటలాడు వేళకు ఫోను మ్రోగకపోయినచో ఆమె మనస్సు నూఱు దారుల పరుగెత్తును. బందరులో పరీక్షల కాలమున బిడ్డలకంటె తల్లులకే ఎక్కువ దడ. చేపలవేటకు పోయిన భర్త పడవ కనబడువఱకు గిలకలదిండి ఇల్లాలికి ఊపిరి సరిగా ఆడదు. ఈ భయములన్నియు ఒకటి కావు. కావున వీనికన్నింటికి ఒకే కషాయము పనికిరాదు.

భయమనునది యెట్టిది?

భయము స్వతహాగా దోషము కాదు. తుపాను హెచ్చరిక విని గూడ కదలక కూర్చుండుట ధైర్యము కాదు గదా! ఆపద తోచినప్పుడు మూత్రపిండములపై నుండు చిన్నగ్రంథులనుండి అడ్రినలిను అను రసము రక్తములో గలియును. గుండె వడివడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, జీర్ణశక్తి మందగించును, చేతులు చల్లబడి చెమటపట్టును. పరుగెత్తుటకో, ఎదుర్కొనుటకో శరీరము చేయు సన్నాహమిది. ఆపద తొలగిన పిమ్మట ఇదంతయు సద్దుమణగవలెను. ఏ ఆపదయు లేకున్నను సన్నాహము సద్దుమణగకుండుటయే వ్యాధి. ఆయుర్వేదమున దీనికి దగ్గరగా నుండునది చిత్తోద్వేగము.

ఇచట ఒక ముఖ్యవిషయము. గుండెదడ యంతయు మనోవ్యాధి కాదు. రక్తము తక్కువైన స్త్రీకి నాలుగు మెట్లెక్కినంతనే దడ పుట్టును. కంఠముననుండు థైరాయిడు గ్రంథి మితిమీరి పనిచేసినచో చేతులు వణకును, బరువు తగ్గును, నిద్రపట్టదు. ముట్లుడుగు కాలమున ఆవిరులు, దడ, చిరాకు కలుగును. దినమునకు ఐదాఱుమాఱులు కాఫీ త్రాగువారికి కాఫీయే కారణము కావచ్చును. కావున మూలికను వెదకుటకు ముందు ఒకమాఱు రక్తపరీక్ష చేయించుకొనుట వివేకము. రక్తహీనతకు సరస్వతి ఆకు మందు కాదు.

ఇంటింట వినబడు మూలికలు

సరస్వతి ఆకు: దీనినే సంస్కృతమున మండూకపర్ణి యందురు. చరకసంహితలో బుద్ధికి హితవైన మేధ్యరసాయనములు నాలుగు చెప్పబడినవి. అవి మండూకపర్ణి రసము, పాలతో అతిమధుర చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి ముద్ద. వీనిలో మొదటిది మన డెల్టాలోని తడినేలలయందు సులభముగా పెరుగును. 2000 సంవత్సరమున ప్రకటింపబడిన ఒక పరీక్షలో ఆరోగ్యవంతులైన 40 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు ఈ ఆకుపొడి 12 గ్రాములు, రెండవ జట్టునకు ఉత్తపొడి ఇచ్చిరి. తరువాత హఠాత్తుగా పెద్దశబ్దము చేసి ఎవరెంత ఉలికిపడుదురో కొలిచిరి. ఆకుపొడి తిన్నవారు తక్కువగా ఉలికిపడిరి. గాలికి తలుపు కొట్టుకొన్నంతనే లేచి కూర్చుండువారికి ఇది ఆశ గొలుపు వార్తయే. అయినను ఆ పరీక్ష వ్యాధిలేనివారిపై, ఒక్కసారి యిచ్చిన మందుతో జరిగినదని మరువరాదు. ఈ ఆకును పప్పులోనో పచ్చడిలోనో అప్పుడప్పుడు తినుటకు భయము లేదు. మాత్రలరూపమున వారములతరబడి వాడినవారిలో కొందరికి కాలేయము చెడినట్లు వైద్యులు వ్రాసియున్నారు.

సాంబ్రాణి ఆకు: కాలువయొడ్డున, మడుగులచెంత నేలబారున ప్రాకు ఈ మొక్కను గూడ బ్రహ్మి యందురు. పేరు ఒకటే యగుటచే సరస్వతి ఆకునకు, దీనికి జనులు తికమకపడుచుందురు. సరస్వతి ఆకు గుండ్రనై, అంచున చిన్నపండ్లు గలిగి, పొడుగు కాడమీద నుండును. సాంబ్రాణి ఆకు చిన్నదై, దళసరియై, గరిటెవలె నుండును. పూవు తెల్లగానో లేత ఊదారంగుగానో యుండును. దీనిపై జరిగిన పరీక్షలు ఎక్కువభాగము జ్ఞాపకశక్తికి సంబంధించినవి. దీని గుణము వారములు గడచినగాని తెలియదు. కొందరికి కడుపునొప్పి, విరేచనములు కలుగును.

పెన్నేరు: ఇదియే అశ్వగంధ. ఇది మెట్టనేల పంట. మన తడిసీమలో వేరు అంగడినుండి కొనవలసినదే. దీనిపై మన తెలుగుగడ్డమీదనే ఒక మంచి పరీక్ష జరిగినది. మనస్సునకు ఎడతెగని ఒత్తిడి గల 64 మందిని హైదరాబాదులో రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు దినమునకు రెండుమాఱులు 300 మిల్లీగ్రాముల చొప్పున పెన్నేరు వేరుసారమును, రెండవ జట్టునకు ఉత్తమాత్రను 60 దినములు ఇచ్చిరి. 2012లో ప్రకటించిన ఫలితము ప్రకారము వేరుసారము తిన్నవారికి ఒత్తిడి ఎక్కువగా తగ్గినది. రక్తములో ఒత్తిడిని తెలుపు కార్టిసాలు అను రసము గూడ తగ్గినది. పరీక్ష చిన్నదే, అయినను తరువాత జరిగిన పరీక్షలు చాలవఱకు అదే దారిని చూపుచున్నవి. మన పెద్దలు పెన్నేరును పాలతో నిచ్చుట అర్థములేని పని కాదని దీనివలన తెలియుచున్నది.

జటామాంసి: నిద్రకు, శాంతికి దీనిని పొగడుదురు. కాని ఇది హిమాలయముల ఎత్తులలో మాత్రమే పెరుగును. విచ్చలవిడిగా త్రవ్వుటచే అంతరించు స్థితికి వచ్చినది. అరుదైన సరుకులో కల్తీ సహజము. డెల్టా ఇల్లాలికి ఇది అవసరమైన మందు కాదు.

తులసి: వేడినీటిలో పది ఆకులు వైచి, మూతపెట్టి, కొంతసేపటికి వడకట్టి త్రాగుట సాయంకాలపు కాఫీకి మంచి ప్రత్యామ్నాయము. కాఫీ తగ్గుటవలన కలుగు మేలే ఇందు సగమని మా తలంపు.

ఇక వారింపవలసినవి. జాజికాయను చిటికెడు అరగదీసి పాలలో గలిపి ఇచ్చుట మన యిండ్లలో గలదు. నిద్ర రాలేదని చెంచాలకొలది పొడి మ్రింగినచో నిద్రకు బదులు వాంతులు, గుండెదడ, మతిభ్రమ కలుగును. వసకొమ్మునందు అసరోను అను హానికర ద్రవ్యముండుటచే అమెరికాలో 1968లోనే దానిని ఆహారమున కలుపరాదని నిషేధించిరి. మనము దానిని పసిబిడ్డల నాలుకకు రాచుచున్నాము! ఉమ్మెత్త గింజలు పిచ్చికి మందని పల్లెలలో చెప్పువారు నేటికిని గలరు. అది మందు కాదు, విషము.

ఒక మూలిక చెప్పిన పాఠము

మూలికకు బలము లేదనువారికిని, మూలికవలన హాని లేదనువారికిని సర్పగంధి కథ ఒక్కటే సమాధానము. 1931లో కలకత్తా వైద్యులగు గణనాథసేను, కార్తిక చంద్రబోసుగార్లు ఈ వేరు రక్తపుపోటును, ఉన్మాదమును అణచునని వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీలుగారు రక్తపుపోటుపై దీని గుణమును ఇంగ్లండు పత్రికలో ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఈ వేరునుండి రిసర్పిను అను సారమును వేఱుచేసిరి. మనస్సును శాంతపఱచు మందని లోకమంతట దీనిని వాడిరి. మన దేశపు వేరొకటి ఆధునిక మానసిక వైద్యమునకు తొలిమెట్లలో నొకటి యయ్యెను. కాని కొన్నియేండ్లకే దానిని తిన్నవారిలో కొందరు తీవ్రమైన దిగులునకు లోనగుచున్నారని వైద్యులు గమనించిరి. భయమును అణచునని యిచ్చిన మందు విషాదమును తెచ్చినది. నేడు దీనిని మనోవ్యాధికి వాడుట దాదాపుగా లేదు. బలముగల మందేదైనను రెండువైపుల పదునుగల కత్తియే.

ఇట్టిదే మఱియొక కథ. 1903 మొదలు దక్షిణదేశమునుండి కూలిపనికై ఫిజీ ద్వీపములకు పోయినవారిలో మన తెలుగువారు ననేకులు. అచట కావా యను మొక్కవేరును నలిపి నీటిలో గలిపి, నలుగురు గూడి త్రాగుట ద్వీపవాసుల ఆచారము. మనవారి సంతతికిని అది అలవడినది. ఆ వేరు ఆందోళనను తగ్గించునని పరీక్షలలో తేలుటచే ఐరోపాలో మాత్రలుగా అమ్మిరి. కాలేయము చెడిన సంగతులు బయటపడగా జర్మనీ 2002లో ఆ మాత్రలను నిషేధించెను. 2014లో అచటి న్యాయస్థానము నిషేధమును కొట్టివేసినను, వాదము ముగియలేదు. నలుగురితో గూడి నీటిలో కలిపి త్రాగుట వేఱు. సారము తీసి ఒంటరిగా మాత్ర మ్రింగుట వేఱు.

ఈ న్యాయము బందరువారికి క్రొత్త గాదు. పెడన కలంకారీ పనివారు కరక్కాయ మొదలగు చెట్టుసరకులతోనే బట్టకు రంగు పట్టింతురు. ఏ సరకు ముందో, ఏది పిమ్మటో, ఎంతసేపో యెఱిగి చేసినగాని ఆ రంగు నిలువదు. బట్టకు చూపు జాగ్రత్త శరీరమునకు చూపరాదా?

అమెరికాకు పంపు పొట్లములు

గుడివాడ తల్లులు ఆవకాయతోపాటు పెన్నేరుపొడి పొట్లమును గూడ కూతుండ్రకు పంపుచుందురు. ప్రేమ గొప్పదే. కాని పొట్లములో నేమున్నదో ఎవరికి తెలియును? అమెరికాలోని బోస్టను వైద్యులు ఇంటర్నెట్టు అంగళ్లలో దొరకు 193 ఆయుర్వేద ఔషధములను పరీక్షించి, దాదాపు అయిదింట ఒకదానియందు సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటి యున్నదని 2008లో ప్రకటించిరి. సీసము గర్భములోని శిశువునకు ముప్పు. డెన్మార్కు దేశము 2023లో పెన్నేరును ఆహారసరకులలో పూర్తిగా నిషేధించెను. ఆ నిషేధము అతియని మనదేశపు వైద్యులు కొందరు వాదించుచున్నారు. అయినను కూతురున్న దేశపు చట్టమేమో, ఆమె ఏ మందులు తినుచున్నదో, గర్భవతియో కాదో తెలిసికొనక పొట్లము కట్టరాదు.

ఈ క్రింది వారు వైద్యుని అడుగక ఏ మూలికయు మందుగా పుచ్చుకొనరాదు. గర్భవతులు, పాలిచ్చు తల్లులు పెన్నేరును ముట్టకుండుట మేలు. థైరాయిడు మాత్రలు తినువారికి అది ఆ గ్రంథిని రెచ్చగొట్టవచ్చును. మధుమేహమునకు, రక్తపుపోటునకు, నిద్రకు మందులు తినువారికి మూలిక ఆ మందు బలమును మితిమీర పెంచవచ్చును. అతిమధురము నెలలతరబడి వాడినచో రక్తపుపోటు హెచ్చును. కామెర్లు వచ్చి తగ్గినవారును, శస్త్రచికిత్సకు సిద్ధపడుచున్నవారును వైద్యునితో ముందుగా చెప్పవలెను. డాక్టరు వ్రాసిన మాత్రలను తమంతట తాము మాని కషాయము మొదలుపెట్టుట అన్నిటికంటె ప్రమాదము.

మఱియొక మాట. ఆకు కోయు చోటును చూచుకొనవలెను. వరిచేల గట్లపై పురుగుమందులు పడును. ఊరి మురుగు కలిసిన కాలువచెంత పెరిగిన ఆకు ఆ మురుగునే పీల్చును. ఒక కుండీలో మంచిమట్టి పోసి, సరస్వతి మొక్కను ఇంట పెంచుకొనుట ఉత్తమము. దానికి నీడ, తడి చాలును. గుప్పెడు ఆకు ఉప్పునీట కడిగి, నూనెలో వేయించిన ఎండుమిరపకాయలు, మినపపప్పు, కొంచెము చింతపండు చేర్చి నూరినచో వారమునకు రెండుమాఱులు తినదగిన పచ్చడి యగును. మందును పచ్చడిగా తినుటలో రుచియు గలదు, మోతాదు మీఱకుండుటయు గలదు.

ఆకు చేయలేని పని

సోదరీమణులారా! కషాయములో ఆకు గుణమొక్కటే లేదు. అత్తగారు పొయ్యిదగ్గర నిలిచి కాచుట, "త్రాగమ్మా, తగ్గిపోవును" అని చేతికిచ్చుట, గ్లాసు ఖాళీ యగువఱకు ప్రక్కన కూర్చుండుట, ఇవియు మందులే. పరీక్షలలో ఉత్తమాత్ర తిన్నవారికిని కొంత గుణము కనబడుటకు కారణమిదియే. కాని ఇందులోనే ఒక చిక్కున్నది. ఎవరితోను చెప్పక, తలుపు మూసికొని, డబ్బాలోని పొడిని ఒంటరిగా మ్రింగు స్త్రీకి ఈ సగము మందు దక్కదు. ఆమె రోగమును మూలికతో నయము చేయుట లేదు, మూలికచాటున దాచుచున్నది.

దివిసీమ వృద్ధురాలికి తుపాను రాత్రి కావలసినది సరస్వతి ఆకు ఒక్కటియేనా? 1977లో హెచ్చరిక పల్లెలకు సరిగా చేరలేదు. నేడు బందరులో వాతావరణశాఖవారి రాడారు గలదు. 2023 డిసెంబరు 5న మిచౌంగు తుపాను బాపట్ల చెంత తీరము దాటుటకు దినముల ముందే ఫోనులలో, టీవీలలో హెచ్చరికలు వచ్చినవి. ఈ సంగతులను ఆమెకు నెమ్మదిగా వివరించుట, ఆశ్రయభవనము ఎచటనున్నదో ముందే చూపించుట, ఆ రాత్రి ఆమె మంచముప్రక్కనే మనుమరాలిని పడుకొనబెట్టుట పెద్దమందులు. పొద్దుననే అరగంట నడక, రాత్రి ఒకే వేళకు పడుకొనుట, శ్వాసను మెల్లగా లోనికి తీసి అంతకంటె మెల్లగా విడుచుట, తలంటుకొనుట, ఇవన్నియు ఖర్చులేనివి, హానిలేనివి.

ఇంతచేసినను భయము నెలలతరబడి వీడనిచో, ఉన్నట్లుండి ఊపిరాడక చచ్చిపోవుదునేమో యనిపించు దాడులు మాటిమాటికి వచ్చుచున్నచో, ఇల్లు కదలుటకు గాని వంట చేయుటకు గాని చేతకానిచో మానసిక వైద్యుని చూడవలెను. బ్రతుకు వద్దనిపించినచో ఒక్కదినమైనను ఆగరాదు. బందరులో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. ఇల్లు కదలలేనివారికి టెలి మానస్ అను సేవ గలదు, 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము మొదలుపెట్టిన దీనికి 14416 అను అంకెకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. ఆయుర్వేదమే మేలనువారు విద్యాధికుడైన వైద్యునివద్దకే పోవలెను గాని, సంతలో సంచివేసికొని తిరుగువాని వద్దకు కాదు. ఎవరివద్దకు పోయినను, తినుచున్న మూలికలన్నింటి పేర్లను దాచక చెప్పవలెను. "ఆకుపసరేగదా, డాక్టరుతో చెప్పుట ఎందులకు?" అనుకొనుటవలననే చిక్కులు వచ్చుచున్నవి.

మనోవ్యాధికి మందు లేదను సామెతను ఇకనైనను మన యిండ్లలో పలుకకుందము. తులసికోట చుట్టు తిరుగుచు తనలో తాను కన్నీరు తుడిచికొను ఇల్లాలు ఏ ఇంటనున్నను, ఆమెకు ఒక గ్లాసు వేడి కషాయము ఇచ్చి, ప్రక్కన కూర్చుండి, "నీ భయమేమో చెప్పు" అని అడుగుడు. ఆమె చెప్పినదానిని నవ్వక వినుడు. అవసరమైనచో చేయిపట్టుకొని వైద్యునివద్దకు తోడుపొండు. పెరటిచెట్టు మందుకు వచ్చును. అయితే ఆ మందును చేతికందించు మనిషి గూడ ఆ యింట నుండవలెను.